ఒకే తెర, వందల సిస్టమ్‌లు: వెబ్ ప్యానెల్ డిజైన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

కావలి నుంచి గూడూరు దాకా కొన్ని కాలేజీ ల్యాబులు, ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ ఆఫీసు, చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ. అన్నీ కలిపి ఆరు వందల పైచిలుకు కంప్యూటర్లు. నెల్లూరులో కూర్చుని వీటిని చూసుకునే నలుగురి టీమ్ మాది. వీటన్నిటినీ బ్రౌజర్లో ఒకే పేజీ నుంచి చూసి నడిపే వెబ్ ప్యానెల్ మేమే రాసుకున్నాం. రెండుసార్లు పడేసి మళ్లీ రాశాం కూడా. ఫైనలియర్ పిల్లలు, ల్యాబ్ అసిస్టెంట్లు, ఒంగోలులో ఇదే పని చేసే మిత్రులు ఫోన్ చేసి తిప్పి తిప్పి అడిగేవి ఇవే కాబట్టి ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా ల్యాబ్‌లో ఉన్నవి అరవై సిస్టమ్‌లే. దీనికి వెబ్ ప్యానెల్ అవసరమా అన్నా?

సిస్టమ్‌ల సంఖ్య పక్కన పెట్టి, వాటిని ఎంతమంది చూసుకుంటున్నారో లెక్కేయండి. మీరొక్కరే ఉండి, అన్నీ ఒకే గదిలో ఉండి, అన్నిట్లో లినక్స్ ఉంటే ఆన్సిబుల్ (చాలా సిస్టమ్‌లకు ఒకేసారి పని చెప్పే టూల్) నేర్చుకోండి, చాలు. ఒక ఫైల్లో పేర్లు రాసుకుని ఒక కమాండ్ కొడితే పని అయిపోతుంది. అది మామూలుగా ఒక విడతకు ఐదు సిస్టమ్‌లతోనే మాట్లాడుతుంది. పది సెకన్ల పని అరవై సిస్టమ్‌లకు రెండు నిమిషాలు పడుతుంది. "ఆన్సిబుల్ స్లో" అని చాలామంది వదిలేసేది ఇక్కడే. విడతకు ఎన్ని సిస్టమ్‌లో చెప్పే ఫోర్క్స్ అనే సెట్టింగ్‌ను 30 చేసి చూడండి.

కమాండ్ లైన్ తెలియని మనిషికి పని అప్పజెప్పాల్సి వచ్చిన రోజున, లేదా "నిన్న రాత్రి వీటిని ఎవరు ఆపారు?" అని మొదటిసారి ఆరా తీయాల్సి వచ్చిన రోజున ప్యానెల్ గురించి ఆలోచించండి.

రెడీమేడ్‌గా ఇన్ని ఉండగా మళ్లీ రాయడం దేనికి?

చాలామందికి రాయాల్సిన పనే లేదు. వెబ్‌మిన్ 1997 నుంచి ఉంది. ఒక సర్వర్‌ను బ్రౌజర్లో నడుపుకోవడానికి అదీ బాగుంటుంది, కాక్‌పిట్ కూడా బాగుంటుంది. క్లాసులో పిల్లల తెరలు చూడాలన్నా, లాక్ చేయాలన్నా వేయాన్ ఉచితంగా దొరుకుతుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. సర్వర్లు బతికి ఉన్నాయో లేదో చూడటానికి జాబిక్స్, నాగియోస్ ఉన్నాయి. ఆన్సిబుల్ పనులకు బటన్లు కావాలంటే ఏడబ్ల్యూఎక్స్, సెమాఫోర్ ఉన్నాయి.

మేము రాసుకున్నది రెండే కారణాలతో. ల్యాబ్ అసిస్టెంట్‌కు గది ఎలా కనిపిస్తుందో తెరా అలాగే కనిపించాలి. పరీక్ష జరుగుతున్న గదిని ఎవరూ ముట్టుకోలేకుండా తాళం వేయాలి. ఇవి మాకు నచ్చినట్టు దేంట్లోనూ కుదరలేదు. మీ కారణం కూడా ఇలా రెండు వాక్యాల్లో చెప్పగలిగితేనే కోడ్ మొదలుపెట్టండి.

ఫైనలియర్ ప్రాజెక్టుగా పెట్టుకోవచ్చా సార్? చూపించడానికి మా దగ్గర అన్ని సిస్టమ్‌లు లేవు.

పెట్టుకోవచ్చు. మూడింటితో ఆపండి: లిస్టు, లైవ్ స్థితి, ఒకే ఒక్క పని (రీస్టార్ట్ చాలు). ఏజెంట్ అంటే ప్రతి సిస్టంలో ఉండి సర్వర్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్. సిస్టమ్‌లు లేకపోతే దొంగ ఏజెంట్లు రాయండి. ఒక చిన్న స్క్రిప్టు లాప్‌టాప్‌లోనే రెండు వందల కంప్యూటర్లలా నటిస్తూ సర్వర్‌కు "నేనున్నాను" అని చెబుతుంటుంది. అందులో పది శాతం ఏజెంట్లు మధ్యమధ్యలో మాట్లాడటం మానేయాలి, కొన్ని ఆలస్యంగా జవాబివ్వాలి, ఒకటి రెండు తప్పుడు జవాబివ్వాలి. మీ డిజైన్ సత్తా బయటపడేది అప్పుడే. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చినప్పుడు అన్నీ ఆకుపచ్చగా చూపించి మురిసిపోకండి. ఆయన ముందే ల్యాన్ కేబుల్ పీకి తెర మీద ఏమవుతుందో చూపించండి.

ప్రతి సిస్టంలో ఏజెంట్ పెట్టాలా, ఎస్‌ఎస్‌హెచ్ సరిపోతుందా?

సిస్టమ్‌లు ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. అన్నీ ఒకే ల్యాన్‌లో ఉంటే దూరం నుంచి కమాండ్లు పంపడానికి లినక్స్‌కు ఎస్‌ఎస్‌హెచ్, విండోస్‌కు విన్‌ఆర్‌ఎం చాలు, విడిగా ఏజెంట్ ఎక్కించక్కర్లేదు. మా చీమకుర్తి సైట్‌లో ఉన్నది మామూలు బ్రాడ్‌బ్యాండ్, పబ్లిక్ ఐపీ లేదు. బయటి నుంచి లోపలికి పిలిచే దారే ఉండదు. అలాంటి చోట సిస్టంలో చిన్న ఏజెంట్ ఉండి, అదే బయటికి వచ్చి "నాకేమైనా పని ఉందా?" అని సర్వర్‌ను అడగాలి. లోపలి నుంచి బయటికి వెళ్లే కనెక్షన్‌ను రౌటర్ ఆపదు కదా.

అయితే ఏజెంట్ పెట్టాక దాన్ని అప్‌డేట్ చేసే భారం కూడా మీదే. తనంతట తాను కొత్త వెర్షన్ తెచ్చుకోవడం దానికి మొదటి రోజు నుంచే తెలిసుండాలి. మా మొదటి ఏజెంట్‌కు అది నేర్పడం మర్చిపోయి, ఒక చిన్న బగ్ కోసం పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పది రోజులు బస్సుల్లో తిరిగాం.

## సిస్టమ్‌ల లిస్టు

ఐపీ అడ్రస్‌తో గుర్తుపడితే సరిపోదా?

సరిపోదు. డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో ఐపీలు పంచే సర్వీస్) ఇచ్చిన ఐపీ రేపు ఇంకో సిస్టంకు వెళ్లొచ్చు. ల్యాన్ కార్డుకు ఉండే మ్యాక్ అడ్రస్ కొంత మేలు, కానీ ల్యాన్ కార్డు మారిస్తే అదీ మారుతుంది. మదర్‌బోర్డు సీరియల్ నంబర్ వాడదామా అంటే, లోకల్‌గా అసెంబుల్ చేసిన వాటిలో ఆ గడి ఖాళీగా ఉంటుంది, లేదా నలభై బోర్డులకూ ఒకటే రాసి ఉంటుంది.

ఇంకో ఉచ్చు డిస్క్ క్లోనింగ్. ఒక సిస్టం సిద్ధం చేసి దాని ఇమేజ్‌ను మిగతా 59కి ఎక్కిస్తాం. లినక్స్‌లో మెషిన్ ఐడీ, ఎస్‌ఎస్‌హెచ్ కీలు కూడా అలాగే కాపీ అయిపోతాయి. ప్యానెల్లో అరవై సిస్టమ్‌లకు బదులు ఒక్కటే కనిపిస్తూ, దాని పేరు క్షణానికోసారి మారుతుంటే కారణం ఇదే. ఏజెంట్ మొదటిసారి నడిచినప్పుడు సర్వరే ఒక కొత్త నంబర్ ఇచ్చేలా రాయండి. ఇమేజ్ తీసే ముందు ఆ నంబర్‌ను తుడిచేయడం మీ చెక్‌లిస్టులో మొదటి వరుసగా ఉండాలి. ఒకే నంబర్‌తో రెండు వేర్వేరు మ్యాక్ అడ్రస్‌లు మాట్లాడితే ప్యానెల్ వెంటనే ఫిర్యాదు చేయాలి.

తెర మీద డెస్క్‌టాప్ అని ఏవో పిచ్చి అక్షరాలు కనిపిస్తున్నాయి. అది ఏ మూల సిస్టమో ఎలా తెలియాలి?

మా మొదటి వెర్షన్ చూపించినప్పుడు ఒక ల్యాబ్ అసిస్టెంట్ అడిగిన ప్రశ్న ఇది. ఆయన దగ్గర దీనికి జవాబు ఎప్పుడో ఉంది. ప్రతి మానిటర్ మీద, ఎడమ పై మూలన, తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి మార్కర్‌తో నంబర్ వేసి ఉంచారు: 2-17, 2-18. రెండో ల్యాబ్, పదిహేడో సీటు. పిల్లలు కంప్లైంట్ చేసేది కూడా ఆ నంబర్‌తోనే. విండోస్ పెట్టిన పేరు ఆ గదిలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

అందుకే లిస్టులో పెద్ద అక్షరాల్లో ప్లాస్టర్ మీది నంబర్ పెట్టాం, అసలు పేరు కింద చిన్నగా ఉంటుంది. ఆ తర్వాత లిస్టు బదులు గది పటమే గీశాం: తలుపు ఎక్కడ, బోర్డు ఎక్కడ, వరుసకు ఎన్ని సీట్లు. ఒక వరుస మొత్తం బూడిద రంగులోకి మారితే అది పవర్ బోర్డు స్విచ్ అని చూసిన వెంటనే అర్థమవుతుంది. పట్టికలో అదే విషయం పది వరుసలుగా చెల్లాచెదురై ఉండేది. మేము రాసిన అన్నింట్లోకీ ఎక్కువగా వాడేది ఈ పేజీయే. దీనికి పట్టింది రెండు రోజుల పని.

పట్టిక కూడా ఉంచండి. కాకపోతే 2-10 వచ్చి 2-2 కంటే ముందు కూర్చోకుండా చూడండి. జావాస్క్రిప్ట్‌లో పేర్లను వరుసలో పేర్చే కొలేటర్‌కు న్యూమరిక్ ఆప్షన్ పెడితే అంకెలను అంకెల్లా పోలుస్తుంది.

గ్రూపులు ఎలా విడదీయాలి? ల్యాబ్ వారీగానా, విండోస్ వెర్షన్ వారీగానా?

ఫోల్డర్లలా విడదీయకండి, ట్యాగులు పెట్టండి. ఒకే సిస్టం ల్యాబ్-2లోనూ ఉంటుంది, విండోస్ 10 మీదా ఉంటుంది, వచ్చే వారం పరీక్షకూ ఉంటుంది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసిన రోజు "ఇంకా దాని మీదే ఉన్నవి ఏవి?" అని ప్రతి కాలేజీ అడిగింది. ట్యాగులు ఉన్నందుకు ఒక్క క్లిక్‌తో జవాబు చెప్పగలిగాం.

## తెర గీసేటప్పుడు

ముందు పేజీలో ఏం పెట్టాలి? మా సార్ గ్రాఫులు, మీటర్లు కావాలంటున్నారు.

సార్ కోసం వేరే పేజీ చేయండి. పొద్దున తొమ్మిదికి తాళాలు తీసే మనిషికి కావాల్సింది ఒకే ముక్క: ఇప్పుడు నేను వెళ్లి చూడాల్సిన సిస్టమ్‌లు ఏవి? అవి ఐదు ఉంటే ఐదే కనిపించాలి. బాగున్న 595కు ఒక చిన్న అంకె చాలు. ఆరు వందల సీపీయూ గ్రాఫులు ఒకే పేజీలో అందంగా ఉంటాయి, కానీ వాటిని చూసి ఎవరూ ఏ పనీ మొదలుపెట్టలేరు. గ్రానైట్ ఫ్యాక్టరీలో మాత్రం ఉష్ణోగ్రత గ్రాఫ్ నిజంగా పనికొచ్చింది. దుమ్ము ఫ్యాన్‌లో పేరుకునే కొద్దీ గీత వారం వారం పైకి పాకుతుంటుంది. ఎప్పుడు వెళ్లి బ్లోయర్ కొట్టాలో అదే చెబుతుంది.

ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది, కానీ సిస్టం పని చేయట్లేదు. ఎందుకిలా?

రొయ్యల చెరువు గట్టు మీద స్టార్టర్ ప్యానెల్ చూసే ఉంటారు. మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం బల్బులుంటాయి. మూడూ వెలుగుతున్నాయంటే కరెంట్ వస్తోందని అర్థం. ఏరేటర్ తిరుగుతోందో లేదో తెలియాలంటే నీళ్ల వైపు చూడాలి. గేర్‌బాక్స్ పోయినా బల్బులు వెలుగుతూనే ఉంటాయి. ఆ సంగతి తెలియని రైతు ఉండడు.

పింగ్‌కు ("ఉన్నావా?" అని నెట్‌వర్క్‌లో పంపే చిన్న పలకరింపుకు) జవాబు వస్తే నెట్‌వర్క్ దాకా బాగుందని మాత్రమే తేలుతుంది. ఏజెంట్ మాట్లాడితే విండోస్ దాకా బాగుందని తెలుస్తుంది. ఆ సిస్టం ఏ పని కోసం ఉందో ఆ పని జరుగుతోందా అన్నది మూడో ప్రశ్న. బిల్లింగ్ కౌంటర్ అయితే బిల్లింగ్ సర్వీస్ నడుస్తోందా, ల్యాబ్ సిస్టం అయితే డిస్క్‌లో ఖాళీ ఉందా, లాగిన్ అవుతోందా. ఆకుపచ్చ ఆ మూడోదానికే ఇవ్వండి.

చుక్క రంగు ఒక్కదాని మీదే ఆధారపడకండి. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియని మగవాళ్లు మనం అనుకునేంత అరుదు కాదు. మా నలుగురిలోనే ఒకరున్నారు. గుండ్రం, త్రికోణం, అడ్డగీత అని ఆకారాలు కూడా మార్చాం.

ఎంతసేపు జవాబు రాకపోతే "పోయింది" అని చూపించాలి?

మా ఏజెంట్ 30 సెకన్లకోసారి పలకరిస్తుంది. వరుసగా మూడు తప్పితే, అంటే 90 సెకన్ల తర్వాత, "జవాబు లేదు" అని బూడిద రంగు వేస్తాం. తెలియకపోవడం వేరు, చెడిపోవడం వేరు. ఎరుపు చెడిపోయిందని తెలిసినప్పుడే. సాయంత్రం ల్యాబ్ మూసేటప్పుడు ఏజెంట్ "ఆఫ్ అవుతున్నాను" అని చెప్పి వెళ్తుంది కాబట్టి అది మూడో రకం. ఈ తేడా చూపించకపోతే ప్రతి రాత్రీ తెరంతా ఎర్రగా ఉంటుంది. వారం తిరిగేసరికి ఆ ఎరుపును ఎవరూ పట్టించుకోరు.

సర్వర్ మీద భారం గురించి టెన్షన్ వద్దు. ఆరు వందల సిస్టమ్‌లు 30 సెకన్లకోసారి అంటే సెకనుకు 20 రిక్వెస్టులే. అసలు చిక్కు కరెంట్ పోయి వచ్చినప్పుడు వస్తుంది. అన్నీ ఒకే నిమిషంలో లేచి ఒకేసారి తలుపు తడతాయి. మొదటి పలకరింపుకు ముందు ప్రతి ఏజెంట్ 0 నుంచి 30 సెకన్లలో ఏదో ఒక యాదృచ్ఛిక సమయం ఆగేలా రాయండి.

కరెంట్ పోతే ఫోన్‌కు రెండు వందల అలర్టులు వస్తున్నాయి. ఏం చేయాలి?

మన దగ్గర అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇదే గోల. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజుల్లో మా ఫోన్ల ఛార్జింగ్ అయిపోవడానికి సగం కారణం మా అలర్టులే.

ప్రతి సిస్టం దేని వెనక ఉందో రాసి పెట్టండి: ఏ నెట్‌వర్క్ స్విచ్, ఏ యూపీఎస్, ఏ బ్రాడ్‌బ్యాండ్ లైన్. ముందు వాటిని పలకరించాలి. స్విచ్ జవాబివ్వకపోతే దాని వెనక ఉన్న సిస్టమ్‌ల గురించి నోరు మూసుకుని, ఒక్క లైన్ చాలు: "ల్యాబ్-2: స్విచ్ జవాబు లేదు, దాని వెనక 58 సిస్టమ్‌లు". మెసేజ్ చదివిన మనిషికి గ్రౌండ్ ఫ్లోర్ మెయిన్ దగ్గరికి వెళ్లాలో, ఒక్కో సిస్టం తిరగాలో ఆ లైన్లోనే తెలిసిపోతుంది.

తెర లైవ్‌గా మారాలంటే వెబ్‌సాకెట్ (సర్వర్‌తో ఎప్పుడూ తెరిచి ఉండే రెండు వైపుల కనెక్షన్) తప్పదా?

పది సెకన్లకోసారి పేజీ తనే అడిగి తెచ్చుకున్నా చాలా ల్యాబులకు సరిపోతుంది. మొదట అలాగే చేయండి. సర్వర్ నుంచి తెరకు మాత్రమే కబురు పోవాలంటే సర్వర్-సెంట్ ఈవెంట్స్ తేలిక. కానీ పాత హెచ్‌టీటీపీ 1.1 మీద బ్రౌజర్ ఒక సైట్‌కు ఆరు కనెక్షన్లే ఇస్తుంది. మా వాడొకడు ఏడు ట్యాబులు తెరిచి "ప్యానెల్ హ్యాంగ్ అయింది" అని ఫోన్ చేశాడు. హెచ్‌టీటీపీ 2కు మారాక ఆ ఫోన్లు ఆగాయి.

ఏ పద్ధతి వాడినా, తెర మీద సమాచారం ఎప్పటిదో రాయండి. కనెక్షన్ తెగిపోయిన పేజీ పాత ఆకుపచ్చనే చూపిస్తూ కూర్చుంటుంది. 45 సెకన్లు దాటితే పేజీ మొత్తం వెలిసిపోయేలా చేయండి.

సూటిగా చెప్పండి: బటన్లు తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులోనా?

వాడేవాళ్లు మాట్లాడే తెలుగులో పెట్టండి. "పునఃప్రారంభించు" అని రాస్తే అందరూ ఒక క్షణం ఆగి ఆలోచిస్తారు. "రీస్టార్ట్ చెయ్యి" అంటే ఆలోచించరు. సిస్టం పేర్లు, ఎర్రర్ మెసేజ్‌లు మాత్రం వచ్చింది వచ్చినట్టే ఉంచండి, ఎందుకంటే వాటిని నెట్‌లో వెతకాలి. వరుసల మధ్య ఎడం కొంచెం పెంచండి. ఇంగ్లీషుకు సరిపోయే ఎత్తులో మన ఒత్తులు కింది వరుసకు తగులుతాయి.

ఐదు వేల సిస్టమ్‌లైతే పట్టిక నెమ్మదించదా?

కనిపించే వరుసలే గీసే పద్ధతి వాడితే నెమ్మదించదు. అయితే కంట్రోల్-ఎఫ్ కొడితే కనపడని వరుసలు దొరకవు, కాబట్టి మీ సొంత వెతుకు పెట్టె ఉండి తీరాలి. వెయ్యి లోపు అయితే ఈ తంటాలేవీ వద్దు.

## కమాండ్ పంపేటప్పుడు

"అన్నీ సెలెక్ట్" బటన్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ "అన్నీ" అంటే ఏమిటో చెప్పి పెట్టాలి. మాకు జరిగింది చెబుతాను. ఒక కాలేజీలో ల్యాబ్-1లో అప్‌డేట్ ఎక్కించి రీస్టార్ట్ కొట్టాలి. వెతుకు పెట్టెలో ల్యాబ్-1 అని కొట్టాను, తెర మీద ముప్పై వరుసలు వచ్చాయి. పైన చెక్‌బాక్స్ నొక్కి రీస్టార్ట్ ఇచ్చాను. మా కోడ్‌లో ఆ చెక్‌బాక్స్ అర్థం "డేటాబేస్‌లో ఉన్నవన్నీ", ఫిల్టర్‌తో దానికి సంబంధం లేదు. పక్క గదిలో ఇంటర్నల్ ఆన్‌లైన్ పరీక్ష నడుస్తోంది. ఫోన్ మోగేలోపే వరండాలో కేకలు వినిపించాయి. పిల్లల జవాబులు సర్వర్లో సేవ్ అయి ఉండబట్టి బతికిపోయాం. ఇరవై నిమిషాలు అదనంగా ఇచ్చి పరీక్ష పూర్తి చేయించారు. ఆ సాయంత్రం కాఫీ కూడా గొంతు దిగలేదు.

ఇప్పుడు మా దగ్గర చెక్‌బాక్స్ కనిపించే వరుసలనే పట్టుకుంటుంది. తెర కింద ఒక పట్టీ ఎప్పుడూ అతుక్కుని ఉంటుంది: "30 ఎంచుకున్నారు, అన్నీ ల్యాబ్-1లోవి, 0 మంది లాగిన్‌లో ఉన్నారు". ఫిల్టర్ మార్చితే ఎంపిక రద్దవుతుంది. పరీక్ష ఉన్న గదికి ఇన్విజిలేటర్ తాళం వేస్తారు, అది ఉన్నంతసేపు ఆ గది సిస్టమ్‌లకు చెక్‌బాక్సే ఉండదు.

"ఖచ్చితంగా చేయాలా?" అని బాక్స్ పెట్టాం. అయినా తప్పులు జరుగుతున్నాయి.

రోజుకు ఇరవైసార్లు వచ్చే బాక్స్‌ను ఎవరూ చదవరు, వేలు దానంతట అదే ఓకే నొక్కేస్తుంది. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో ఒక ఇంజినీర్ రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని అసలు సర్వర్లోనే డేటా డైరెక్టరీని తీసేశారు. గుర్తుపట్టి ఆపేలోపు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. పని తెలియని మనిషి కాదు, తను ఏ సర్వర్లో ఉన్నాడన్నది తెర గట్టిగా చెప్పలేదు. తర్వాత వాళ్లు చేపట్టిన మార్పుల్లో ఒకటి ప్రాంప్ట్‌లో (కమాండ్ కొట్టే చోట ముందు కనిపించే వరుసలో) ఏ సర్వరో స్పష్టంగా తేడా కనిపించేలా చేయడం.

కాబట్టి బాక్స్‌లో ప్రశ్న బదులు సమాచారం పెట్టండి. బటన్ మీద "ఓకే" బదులు "41 సిస్టమ్‌లు ఆపు" అని ఉండాలి. ఫార్మాట్ లాంటి ప్రమాదకరమైన పనికి మాత్రం ఆ అంకెను చేత్తో కొట్టించండి. మిగతా వాటికి బాక్సే తీసేసి, సర్వర్ పది సెకన్లు పనిని పట్టి ఉంచేలా చేయండి, ఆ లోపు "వద్దు" నొక్కొచ్చు. తప్పు చేసిన మనిషికి అది తప్పని తెలిసేది నొక్కిన తర్వాతి రెండో సెకన్‌లోనే.

ఒకేసారి అన్నింటికీ పంపితే ఏమవుతుంది?

చాలాసార్లు ఏమీ కాదు, అందుకే అలవాటవుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు నీలి తెర మీద ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. అందుకే విడతలుగా పంపండి: ముందు ఒకటి, తర్వాత ఐదు, తర్వాత ఒక గది, ఆపైన మిగతావి. ప్రతి విడత తర్వాత ఏజెంట్లు మళ్లీ పలకరించాయో లేదో చూసి, లేకపోతే ప్యానెల్ తనంతట తాను ఆగాలి.

కనీస పరిమితి కూడా పెట్టండి. 2017 ఫిబ్రవరి 28న ఎస్3 అనే అమెజాన్ స్టోరేజ్ సర్వీస్ పడిపోయినప్పుడు కారణం, కొన్ని సర్వర్లు తీసే కమాండ్‌లో ఒక ఇన్‌పుట్ తప్పుగా పడి చాలా ఎక్కువ పోవడం. ఆ తర్వాత ఆ టూల్ నెమ్మదిగా తీసేలా, కనీస సామర్థ్యం కంటే కిందికి పోయే పనిని ఒప్పుకోకుండా మార్చారు. ప్రాసెసింగ్ యూనిట్‌లో మా నియమం: ఎవరేం కొట్టినా రెండు బిల్లింగ్ సిస్టమ్‌లు ఒకేసారి ఆగవు.

60లో 57 అయ్యాయి, 3 కాలేదు. తెర మీద "ఫెయిల్" అని చూపాలా?

"57 పూర్తి" అని చూపండి, మూడింటికీ విడివిడిగా కారణం రాయండి. వాటిలో ఒకటి నిజంగా ఫెయిల్ అయి ఉండొచ్చు, ఇంకోటి ఇంకా చేస్తూ ఉండొచ్చు, మూడోది పని చేసేసి జవాబు చెప్పేలోపు నెట్ పోయి ఉండొచ్చు. ఆ మూడోదానికి మా తెర మీది మాట "తెలియదు". పక్కనే "ఈ మూడింటికి మళ్లీ" అనే బటన్ ఉంటుంది. ప్రతి పనికీ ఒక నంబర్ ఇచ్చి, అదే నంబర్ రెండోసారి వస్తే ఏజెంట్ మళ్లీ చేయకుండా "అయిపోయింది" అని చెప్పేలా చేయండి.

ఆఫ్‌లో ఉన్న సిస్టంకు పంపిన కమాండ్ ఏమవ్వాలి?

గడువు దాటితే చచ్చిపోవాలి. శనివారం సాయంత్రం ఒకరు ల్యాబ్ మొత్తానికి షట్‌డౌన్ కొట్టారు. పన్నెండు సిస్టమ్‌లు అప్పటికే ఆఫ్‌లో ఉన్నాయి. వాటి కమాండ్లు సర్వర్లో బుద్ధిగా ఎదురుచూశాయి. సోమవారం తొమ్మిదిన్నరకు పిల్లలు ఆన్ చేశారు, విండోస్ వచ్చింది, ఏజెంట్ లేచింది, పని అందింది, సిస్టం ఆఫ్ అయింది. మళ్లీ ఆన్ చేశారు. పన్నెండు సిస్టమ్‌లలో వైరస్ అని కాలేజీ అంతా ప్రచారం. ఇప్పుడు షట్‌డౌన్, రీస్టార్ట్‌లకు ఐదు నిమిషాల గడువు. సాఫ్ట్‌వేర్ ఎక్కించే పనికి వారం.

ఆఫ్‌లో ఉన్న సిస్టంను ప్యానెల్ నుంచి ఆన్ చేయొచ్చా?

వేక్-ఆన్-ల్యాన్‌తో (నెట్‌వర్క్ ద్వారా సిస్టంను లేపే పద్ధతితో) చేయొచ్చు. పంపేది 102 బైట్ల చిన్న ప్యాకెట్: ఆరు ఎఫ్ఎఫ్ బైట్లు, తర్వాత ఆ సిస్టం మ్యాక్ అడ్రస్ పదహారుసార్లు. ఇది బ్రాడ్‌కాస్ట్‌గా పోతుంది కాబట్టి మామూలుగా రౌటర్ దాటదు. నెల్లూరు సర్వర్ నుంచి నేరుగా కావలి సిస్టం లేవదు. అదే గదిలో మెలకువగా ఉన్న ఇంకో ఏజెంట్‌తో పంపించాలి. బయోస్‌లో ఆప్షన్ ఆన్ చేయాలి, విండోస్ ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి. కరెంట్ పూర్తిగా పోయి వస్తే కొన్ని బోర్డులు ఒకసారి చేత్తో ఆన్ చేసేదాకా మాట వినవు. అందుకే బటన్ మీద "ఆన్ చెయ్యి" అని కాక "లేపి చూడు" అని రాశాం.

## లాగిన్‌లు, భద్రత

ఇంటి నుంచి చూడాలి. ప్యానెల్‌కు పబ్లిక్ ఐపీ ఇచ్చేయొచ్చా?

వద్దు. ఆరు వందల సిస్టమ్‌ల తాళంచెవుల గుత్తి అది. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ వెనక పెట్టండి, దాని మీద ఓటీపీ యాప్ కూడా పెట్టండి.

అందరికీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ అయితే సులువు కదా?

సులువే, ఎవరు చేశారో తెలియాల్సిన రోజు దాకా. మనిషికో లాగిన్ ఇచ్చి, ల్యాబ్ అసిస్టెంట్‌కు తన ల్యాబ్ మాత్రమే కనిపించేలా చేయండి. చేయలేని పని బటన్ అసలు చూపకండి. బూడిద రంగు బటన్ చూసి "నాకెందుకు ఇవ్వలేదు" అని అడిగేవాళ్లే ఎక్కువ.

మా సీఎస్‌ఈ పిల్లలు దీన్ని హ్యాక్ చేస్తారేమో?

ప్రయత్నిస్తారు, చేయాలి కూడా. సిస్టమ్‌ల నుంచి వచ్చే ఏ అక్షరాన్నీ నమ్మకండి. ఫైల్ పేరులో స్క్రిప్ట్ ట్యాగ్ (బ్రౌజర్ నడిపే కోడ్ ముక్క) రాసిపెడితే, దాన్ని మీ ప్యానెల్ అలాగే చూపిస్తే, అది అడ్మిన్ బ్రౌజర్లో నడుస్తుంది. ఒక సిస్టంలో కుర్రాడు నొక్కిన మీట అన్ని సిస్టమ్‌లకూ అడ్మిన్ పేరుతో కమాండ్ పంపినట్టే. వచ్చినదంతా అచ్చు అక్షరాలుగా మాత్రమే చూపండి. ప్రతి ఏజెంట్‌కు వేరే కీ ఇవ్వండి. అన్నింటికీ ఒకటే ఉంటే 2-17లో దొరికిన కీతో మిగతా 599లా నటించొచ్చు.

పిల్లల తెరలు ఎప్పుడూ చూస్తూ ఉండొచ్చా?

చూస్తున్నామని వాళ్లకు తెలియాలి, తెర మూలన గుర్తు కనిపించాలి. వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టం వచ్చింది. అది రాకముందు కూడా దొంగచాటుగా చూడటం మర్యాద కాదు.

## వాడకంలోకి వచ్చాక

కొన్ని సిస్టమ్‌ల లాగ్‌లో టైమ్ ఏళ్ల వెనక్కి చూపిస్తోంది. బగ్గా?

బయోస్ సెల్ అయిపోయింది. సీఆర్2032 అని గుండ్రటి బటన్ సెల్, మార్చేయండి. గడియారం అంత తప్పు ఉంటే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని ఏజెంట్ కనెక్టే కాకపోవచ్చు, అప్పుడు ప్యానెల్ మీద "జవాబు లేదు" అని మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి ఏజెంట్ చెప్పిన టైమ్‌తో పాటు సర్వర్‌కు అందిన టైమ్ కూడా దాచండి, వరుస పేర్చేటప్పుడు రెండోదాన్నే నమ్మండి.

ప్యానెల్ సర్వరే పడిపోతే?

సిస్టమ్‌లు వాటి మానాన అవి నడవాలి. ఏజెంట్‌కు సర్వర్ దొరక్కపోతే ఊరుకుని, కాసేపాగి మళ్లీ అడగాలి, అంతే. డేటాబేస్ కాపీ రోజూ వేరే చోటికి పంపండి. నెలకోసారి ఆ కాపీ నుంచి నిజంగా పైకి తేగలరో లేదో చేసి చూడండి.

అన్నీ చేసి పెట్టాం. అయినా మా ల్యాబ్ అసిస్టెంట్ ప్యానెల్ చూడకుండా గదంతా తిరుగుతున్నారు. ఏం చేయాలి?

ఒక పూట ఆయన పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా చూడండి. మాకూ ఇలాగే అయింది. ఆయన రీస్టార్ట్ నొక్కారు, "పూర్తి" అని వచ్చింది, అయినా లేచి వెళ్లి 2-17 మానిటర్ చూసి వచ్చారు. "ఎందుకండీ?" అంటే, "ఇది ఇప్పుడు అయిందో నిన్న అయిందో ఎట్లా తెలుస్తుంది నాయనా?" అన్నారు. ఆ పక్కనే "4 సెకన్ల క్రితం, మళ్లీ లేచి పలకరించింది" అని చేర్చాం. మరుసటి వారం నుంచి లేవడం తగ్గించారు. ప్లాస్టర్ నంబర్లు మాత్రం అలాగే ఉన్నాయి, మార్కర్ వెలిసిపోయినప్పుడల్లా ఆయనే మళ్లీ దిద్దుతున్నారు.